ఒక బీటు మింగిన మిషను

ఆ రోజుల్లో ఇంట్లో ఒకరికి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చిందంటే, చుట్టాల లెక్కలో ఆ మనిషి కరెంటుతో నడిచే సమస్త వస్తువులకూ డాక్టరైపోయినట్టే. నిజానికి నేను చేసేది టెస్టింగు. ఎవరో రాసిన ప్రోగ్రాములో తప్పులు వెతికి పట్టుకోవడం. బాగుచెయ్యడం నా పని కాదు, చెడిందని చెప్పడం వరకే నా పని. ఈ తేడా మా పిన్నికి ఎన్నిసార్లు చెప్పినా ఎక్కేది కాదు. మిక్సీ మొరాయిస్తే తెచ్చి నా ముందు పెట్టేది. (నేను దాన్ని అటూ ఇటూ తిప్పి, "చెడిపోయింది పిన్నీ" అని తేల్చి, గంభీరంగా తిరిగి ఇచ్చేదాన్ని.) విజయనగరం నుంచి వచ్చి మారేడ్‌పల్లిలో పిన్నీ బాబాయిల ఇంట్లో ఉంటూ, పొద్దున్నే ఆఫీసు క్యాబు కోసం మెడలో కార్డు వేసుకుని వీధి చివర నిలబడేదాన్ని. ఆ కార్డు ఆదివారం కూడా తీసేదాన్ని కాదంటే నా గొప్ప ఏ స్థాయిలో ఉండేదో మీరే ఊహించుకోండి.

మా బాబాయి వారమంతా ఆఫీసు ఫైళ్లు చూసి, శని ఆదివారాల్లో పెళ్లి రిసెప్షన్లలో ఆర్కెస్ట్రాకి కీబోర్డు వాయించేవారు. డ్రమ్ములు వాయించే మనిషి లేని ఆ ఆర్కెస్ట్రాకి ఒక పాత డ్రమ్ మిషనే ప్రాణం. ఎప్పుడో ఒక స్నేహితుడు దుబాయి నుంచి తెచ్చి ఇచ్చిన పెట్టె అది. ముందు వరసలో ఎరుపు, నారింజ, పసుపు, తెలుపు రంగుల్లో పదహారు మీటలు. మీట నొక్కితే తబలా మోగదు, డోలకూ మోగదు. కడుపులోంచి వచ్చినట్టు ధుమ్మని ఒక శబ్దం, దాని పక్కనే చప్పట్లలాంటి ఇంకో శబ్దం. యాప్రాల్‌లో ఒక పెద్ద రిసెప్షన్ ఇంకా పది రోజులుందనగా అది కన్నుమూసింది. బాబాయి రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. ఆ పాత మిషను తయారీ ఎప్పుడో ఆగిపోయిందని, అయితే దాన్ని చూసి అచ్చం అలాగే మోగే కొత్తవి ఈమధ్య చేస్తున్నారని నేనే కనిపెట్టి చెప్పాను. "ఏది కొనాలో నువ్వే చెప్పమ్మా, నీకు తెలిసినట్టు నాకేటి తెలుస్తుంది" అన్నారు. ఆ ఒక్క మాటతో నేను నేల మీద లేను.

సికింద్రాబాద్ స్టేషనుకి కాస్త దూరంలో ఉన్న వాయిద్యాల కొట్టుకి వెళ్లాం. కొట్టు యజమానిని అందరూ గిటారన్న అనేవారు. ఒళ్లో ఎప్పుడూ తీగల్లేని గిటారు ఒకటి ఉండేది. ఆయన కౌంటరు మీద రెండు మిషన్లు పెట్టాడు. ఒకటి పెద్దది, పాతదాని కవల పిల్లలా అవే రంగులు, అంతే బరువు. రెండోది టిఫిన్ డబ్బా అంత చిన్నది. పెద్దదాన్ని చూడగానే బాబాయి కళ్లు తడిశాయి. "ఇదేనమ్మా, మనదే మళ్లీ పుట్టింది" అని మీటలు నిమిరారు. నేను మాత్రం బ్యాగులోంచి కాగితాలు తీశాను. నలభై మూడు పరీక్షలు, వరస నంబర్లతో, పక్కన పాస్ ఫెయిల్ గళ్లతో. (ఆఫీసు ప్రింటరులోనే ప్రింటు తీశాను, ఇప్పుడు ఒప్పుకుంటే పోయేదేముంది.) మొదటి గంట గడిచాక గిటారన్న ఇక ఉండబట్టలేక, "ఏందమ్మా గిది, మిషన్ కొంటవా, దానికి నౌకరీ ఇస్తవా? గింతసేపు ఇంటర్వ్యూ ఎవ్వలు చెయ్యలే" అన్నాడు. కొట్టులో ఉన్నవాళ్లంతా నవ్వారు. నేను నవ్వకుండా ఇరవై నాలుగో పరీక్ష మొదలుపెట్టాను.

ముప్పై ఒకటో పరీక్ష దగ్గర చిక్కు దొరికింది. పాట పల్లవి నుంచి చరణానికి మారేటప్పుడు దరువూ మారాలి. ఒక దరువు మోగుతుండగా ఇంకోదాని మీట నొక్కితే, నడుస్తున్న చుట్టు పూర్తయ్యాక కొత్తది అందుకోవాలి. పెద్ద మిషను అలాగే అందుకుంటోంది. కానీ సరిగ్గా ఆఖరి బీటు మీద నొక్కితే, ఆ బీటును మింగేసి ముందుకు దూకుతోంది. "మళ్లీ మోగించండి, ఒకటి మింగింది" అన్నాను. గిటారన్న ఆ మీటే తనకి తోచినప్పుడల్లా పదిసార్లు నొక్కి చూపించాడు. ఒక్కసారీ మింగలేదు. "నీ చెవులు పరేషాన్ చేస్తున్నయమ్మా, మిషన్ మంచిగనే ఉంది" అన్నాడు. బాబాయి కూడా మొహమాటంగా నా మోచెయ్యి పట్టుకుని, "పోనీలేమ్మా, ఒక్క బీటే కదేటి" అన్నారు. నా చెవులు వేడెక్కాయి. వదిలేస్తే నలుగురి ముందు పరువు దక్కేది. కానీ బాబాయి పాత మిషను మీద ఎప్పుడూ ఆఖరి బీటు మీదే నొక్కుతారని నాకు తెలుసు. నాలుగేళ్లు ఆయన రిహార్సల్సు వింటూ అన్నం తిన్నదాన్ని.

"అన్నా, మీరు చప్పట్లు కొట్టండి. నేను నొక్కుతాను" అన్నాను. ఆయన గిటారు పక్కన పెట్టి, వేడుక చూద్దామన్నట్టు చప్పట్లు మొదలుపెట్టాడు. కొట్టులోని మిగతా నలుగురూ కలిశారు. రెండు చుట్లు తిరిగాక ఆఖరి బీటు మీద మీట నొక్కాను. మిషను ఒక అడుగు ముందుకు దూకింది, ఐదుగురి చేతులూ గాల్లో తప్పిపోయాయి. ఎవరి చప్పట్లు ఎక్కడ పడ్డాయో తెలియని గందరగోళం. గిటారన్న తన అరచేతుల్ని ఒకసారి చూసుకుని, "ఇంకోసారి" అన్నాడు. ఇంకోసారీ అంతే. మూడోసారి ఆయనే నొక్కి, ఆయనే విన్నాడు. తర్వాత పెద్దదాన్ని తీసి లోపల పెడుతూ, "నా దుకాణంల ఇన్నేండ్లల్ల గిట్ల దొరకవట్టినోళ్లు లేరు. సారూ, మీ బిడ్డ చిన్న బిడ్డ కాదు" అన్నాడు. బాబాయి ఆ రంగుల మీటల్ని చివరిసారి చూసుకుని, అదే పరీక్షలో ఒక్క బీటూ మింగని, టిఫిన్ డబ్బాలాంటి చిన్నదాన్ని చంకలో పెట్టుకున్నారు.

యాప్రాల్ రిసెప్షన్‌కి నేను పట్టుచీర కట్టుకుని, ముందు వరస కుర్చీలో దర్జాగా కూర్చుందామని వెళ్లాను. తీరా చూస్తే చిన్న మిషను వైరు బారెడైనా లేదు. ప్లగ్గు స్టేజి వెనక గోడకి, పొడవాటి సొంత వైరుతో బాబాయి కీబోర్డు స్టేజి ముందు. ఎక్స్‌టెన్షన్ బాక్సు అడిగితే హాలువాళ్లు రంగుల లైట్లకి వాడేశామన్నారు. నలభై మూడు పరీక్షలు చేసిన మహాతల్లికి వైరు పొడవు కొలవాలని తోచలేదు. చివరికి గోడ పక్కన స్టూలు మీద నేనే కూర్చుని, మిషను ఒళ్లో పెట్టుకుని, బాబాయి తల ఊపినప్పుడల్లా మీట నొక్కాల్సి వచ్చింది. మొదటి పాటలో కంగారుపడి ఆలస్యంగా నొక్కాను. గాయకుడు ఏం చెయ్యాలో తోచక అదే లైను రెండుసార్లు పాడాడు. జనం అది ఆయన కావాలని వేసిన సంగతి అనుకుని చప్పట్లు కొట్టారు. మూడో పాట నుంచి చెయ్యి కుదిరింది. బాబాయి తల ఊపక ముందే ఆయన భుజం చూసి నొక్కగలిగాను. ఆఖరి బీటు మీద, ప్రతిసారీ. ఒక్కటీ మింగలేదు.

కార్యక్రమం అయ్యాక పెళ్లికూతురి నాయనమ్మ స్టేజి దగ్గరికి వచ్చి, "ఈ పిల్ల సంగీతం నేర్సుకున్నదా?" అని అడిగింది. బాబాయి చెమట తుడుచుకుంటూ, "లేదండీ, తప్పులు పట్టడం నేర్చుకుంది. ఈవేళ మా పాట నిలబడిందంటే దీని వల్లే" అన్నారు. ఆ తర్వాత ఉద్యోగంలో నాకు చాలా సర్టిఫికెట్లు ఇచ్చారు. అవి ఏ అరలో ఉన్నాయో వెతకాలి. ఈ మాట మాత్రం వెతక్కుండానే దొరుకుతుంది.

ఇప్పుడు నా కింద ముప్పై మంది టెస్టర్లు పనిచేస్తున్నారు. మొన్న ఒక హోటల్లో చక్కెర లేని కాఫీ చెబితే, సర్వరు పాకంలాంటిది తెచ్చి పెట్టాడు. పాపం, రద్దీగా ఉంది కదా అనుకుని, మారుమాట్లాడకుండా ఆఖరి చుక్క వరకూ తాగేసి, "బాగుంది బాబూ" అని చెప్పి మరీ వచ్చాను. మెడలో కార్డు వేసుకుని కొట్టు మొత్తం చేత చప్పట్లు కొట్టించిన ఆ పిల్ల పక్క కుర్చీలో ఉండుంటే, నన్ను ఫెయిల్ గడిలో వేసి ఉండేది.