అంగారకుడి మీది గుంత, బాపు కన్ను

ఖాయంగా తెలిసినవి ముందు చెబుతాను. తొంభై ఏడు వానాకాలంలో అంగారకుడి మీద ఒక నౌక దిగింది. అందులోంచి ఆరు చక్రాల చిన్న బండి బయటికి వచ్చింది. నౌక పంపిన ఫోటోల్లో నేల అంచున రెండు గుట్టలూ, మరో దిక్కున ఒక పెద్ద బిలం గట్టూ కనిపించాయి. ఇక విన్నవి: బండి ఆ బిలానికే బయలుదేరిందనీ, అందులో నీళ్ళున్నాయనీ నల్లగొండలో మంగలి దుకాణం నుంచి మా కాలేజీ స్టాఫ్ రూం దాకా చెప్పుకున్నారు. రెంటికీ ఆధారం లేదు. బండి నౌక చుట్టుపక్కల రాళ్ళ మధ్యే తిరిగింది. ఇవన్నీ ఇప్పుడు గుర్తుకు రావడానికి కారణం, మరో రోవర్ మూడేళ్ళు అంగారకుడి ఎడారిలో నడిచి నిజంగానే ఒక పెద్ద బిలం అంచుకు చేరిందని పేపర్లో చదవడం. చదివి, పక్కకు తిరిగి చెప్పబోయాను. వినవలసిన మనిషి లేడు.

ఆ మనిషి మా బాపు. ఎనభైల్లో నందికొండ ప్రాజెక్టు కాలువల సర్వే పార్టీలో అంకెలు గీసిన పొడుగాటి కర్ర పట్టుకునే పని ఆయనది. దూరాన దుర్భిణి దగ్గర సారు నిలబడతాడు. బాపు బండల మీద, ముళ్ళపొదల్లో ముందుకు పోయి కర్ర నిలబెడతాడు. సారు చెయ్యి ఊపితే ఎడమకు, మళ్ళీ ఊపితే కుడికి. రుమాలు ఊపేదాకా కదలరాదు. సారు ఏం చూశాడో, ఏం రాసుకున్నాడో కర్ర పట్టినవాడికి తెలియదు. ఒకసారి తేనెటీగలు లేచి సర్వే పార్టీ అంతా జీపెక్కి పోతే, రుమాలు ఊపలేదు కదా అని బాపు ఎండలో నిలబడే ఉన్నాడట. గొర్లకాపరులు వచ్చి, సారు ఎప్పుడో పోయాడని నవ్వితే గాని కర్ర దించలేదు. ఈ ముచ్చట అమ్మ ప్రతి చుట్టానికీ చెప్పేది.

అందుకేనేమో, బండి సంగతి వినగానే బాపు దాన్ని తన పనివాళ్ళలో కలుపుకున్నాడు. "గంత దూరంకెల్లి చెయ్యి ఊపితె దానికెట్ల కనవడ్తది రా?" అని అడిగాడు. రేడియో తరంగాల సంగతి చెప్పాను. ఒక మాట అక్కడికి చేరడానికి పది నిమిషాలు దాటుతుందన్నాను. ఆయన మెల్లగా, "గంతసేపు నిలబడాలె, పాపం" అన్నాడు. కాంతివేగం గురించి నేను విన్న వ్యాఖ్యల్లో అంత సరైనది మరొకటి లేదు.

బాపు పేపరు చదవలేకపోయేవాడు. ఎడమ కంటికి పొర తీయించుకున్నాక చీము పట్టి ఆ కన్ను పోయింది. అప్పటికి కుడి కంటికీ పొర కమ్మింది. డాక్టరు ఆపరేషన్ అన్నాడు. ఉన్న మసక చూపు కూడా పోతే చీకటే కదా అని బాపు మొండికేశాడు. రోజూ నేనే పేపరు కిటికీ దగ్గర పట్టుకుని ఫోటోలు వర్ణించేవాణ్ణి.

"గుంత కనవడ్తాందా?"

"అంచున ఏదో గట్టులా ఉంది, బాపూ. బిలం గట్టని రాశారు. ఈ అచ్చులో అది గట్టో మరకో నేను చెప్పలేను."

"అన్నం ఉడికిందా రా అంటే, మెతుకు పట్టి చూడంది చెప్పడు నీ కొడుకు," అంది అమ్మ వంటింట్లోంచి.

బాపు నవ్వలేదు. "నీ కండ్లు నీకాడనే పెట్టుకో. నేనే చూస్త. దవాఖానకు ఎప్పుడు పోదాం?" అన్నాడు.

ప్రయాణానికి ముందు అమ్మ నన్ను పక్కకు పిలిచి, చూపు తప్పక వస్తుందని బాపుకు ఒక్క మాట చెప్పమంది. డాక్టరును రెండుసార్లు అడిగి తెలుసుకున్నదే చెప్పాను: చాలామందికి వస్తుంది, అందరికీ కాదు. అమ్మ ముఖం మాడ్చుకుంది. బాపు మాత్రం, "వీడు ఖాయంగ వస్తదంటే నాకు భయమైతుండె," అన్నాడు.

కట్టు విప్పిన రోజు ఆయన ముందు అమ్మను చూశాడు. "ముసల్దానివైనవే" అన్నాడు. "నువ్వేమన్న పెండ్లికొడుకువా?" అంది అమ్మ, కొంగుతో ముఖం తుడుచుకుంటూ. కాలేజీ నుంచి తెచ్చిన అంగారకుడి రంగుల బొమ్మ నేను చేతికిచ్చాను. చేయి చాపినంత దూరాన పట్టుకుని చూశాడు. ఎర్రటి నేల, చెదిరిన రాళ్ళు, మట్టిరంగు ఆకాశం. వార్డులో నర్సు వచ్చి పోయింది, పక్క మంచం మీది మనిషి దగ్గాడు. బాపు కదలలేదు. "పాలమూరు ఎర్రచెల్క నేల లెక్కనే ఉంది గదరా. మనిషి అడుగు మాత్రం లేదు" అన్నాడు. ఆ తర్వాత వేలు కాగితానికి తగలకుండా అంచు వెంట నడిపి, "మరక గాదు బిడ్డా, గట్టే" అన్నాడు. అది నిజంగానే బిలం గట్టు.

కొన్ని వారాలకు నౌక మూగబోయింది. "బండి బతికే ఉండె గదా. గది ఎటు పోయింది?" అని బాపు అడిగాడు. మాట వినబడకపోతే నౌక దగ్గరికి తిరిగి రావాలని దానికి ముందే ఆదేశం ఉందని చదివాను. వచ్చిందో లేదో తెలియదు. దాని మాట భూమికి చేరాలంటే నౌక ఒక్కటే దారి, ఆ దారే ముందు మూసుకుపోయింది. తర్వాతి కాలంలో పైనుంచి తీసిన ఫోటోల్లో నౌక దొరికింది. బండి జాడ ఇదేనని ఖాయంగా చెప్పగలిగినది దొరకలేదు. నౌక మూగబోయిన రోజుల్లో దాని చక్రాలు కదిలి ఉంటే, అది నిజంగా జరిగిన సంగతే, కాని సాక్షి లేదు. జరిగినదంతా కాలం ఎక్కడో ఒక చోట దాచి ఉంచుతుందని నమ్మేవాణ్ణి. ఆ నమ్మకానికీ ఆధారం లేదు.