ఆటకు ముందే ఇరవై ఎనిమిది

ఇంజినీరింగ్ పూర్తయిన కొత్తలో నాకొక జబ్బుండేది. తప్పు ఎక్కడ జరిగినా అది నాది కాదని ముందే చెప్పేసేవాణ్ణి. పెనుకొండలో మా మామ జరిపించిన కబడ్డీ పోటీల్లో ఆ జబ్బు ఊరందరి ముందూ బయటపడింది. పాయింట్లు చూపే లైట్ల బోర్డుకు ప్రోగ్రామ్ రాసింది నేనే (ఎవరూ అడక్కపోయినా ఆ సంగతి అందరికీ చెప్పాను). సెమీఫైనల్లో మా పెనుకొండ ముప్పై ఒకటి, హిందూపురం ఇరవై ఎనిమిది. బోర్డు తప్పులేకుండా చూపించింది. ఫైనల్‌కు హిందూపురం పేరు తీసి ధర్మవరం పేరు పెట్టి, కాలరు సర్దుకున్నాను.

ఫైనల్ మొదలవగానే మావాడొకడు కూతకు వెళ్ళి ఒక పాయింటు తెచ్చాడు. అంతవరకూ ఆర్పి ఉంచిన బోర్డును వెలిగించాను. పెనుకొండ ముప్పై రెండు, ధర్మవరం ఇరవై ఎనిమిది!

"ఏమప్పా, మేమింకా గీత దాటనే లేదు. ఇరవై ఎనిమిది యాడినుంచి వచ్చినాయి?" అన్నాడు ధర్మవరం కెప్టెన్. అతన్ని అందరూ చిరుత అంటారు.

"ఉండనీలేబ్బా, కంప్యూటరే ఇచ్చినాది!" అని మావాళ్ళ కేక.

నేను మైకందుకుని, "కంప్యూటర్ తప్పు చెయ్యదు. మీరే సరిగా లెక్కపెట్టుకోలేదు" అన్నాను. (ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.)

"అట్లయితే ఆ కంప్యూటర్‌తోనే ఆడుకోండి. పదండ్రా, బస్సు ఉండాది" అంటూ చిరుత జట్టును లేపాడు. మామ నా భుజం పట్టుకుని, "అల్లుడా, ఈ ఫైనల్ కోసం ఏడాదంతా తిరిగినా. వాళ్ళు పోతే ఇంకెవరూ మనూరికి ఆడేదానికి రారు" అన్నాడు.

అప్పుడు ల్యాప్‌టాప్ తెరిచాను. పాయింట్లను దాచుకునే గళ్ళకు, అంటే వేరియబుల్స్‌కు, మొదటి విలువగా సున్నా ఇచ్చాను, నిజమే. కానీ అది ప్రోగ్రామ్ మొదలైనప్పుడు ఒక్కసారే అందుతుంది. కొత్త ఆట వచ్చిన ప్రతిసారీ వాటిలో మళ్ళీ సున్నా వేయమని విడిగా రాయాలి. నేను పేర్లు మార్చమని మాత్రమే రాశాను. పాత పాయింట్లు అక్కడే కూర్చుని ఉన్నాయి.

మళ్ళీ మైకు పట్టుకున్నాను. "కంప్యూటర్ది కాదు, ధర్మవరం వాళ్ళదీ కాదు. తప్పు నాది. క్షమించండి" అన్నాను. మైదానం దాటబోతున్న చిరుత ఆగి, జట్టును వెనక్కి తిప్పాడు. రెండే రెండు వరుసలు రాసి మీట నొక్కాను. బోర్డు మీద రెండు సున్నాలు వెలిగాయి. సున్నాలను చూసి జనం అన్ని ఈలలు వేయడం నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు! ఆట మళ్ళీ మొదటినుంచీ మొదలై చివరి కూతదాకా సాగింది. ఒక్క పాయింటు తేడాతో ధర్మవరం గెలిచింది. అయినా మామ నన్నే భుజాలమీదికి ఎత్తుకున్నాడు.

ఆ ఆదివారమే ధర్మవరం వెళ్ళి వాళ్ళ మైదానానికీ అలాంటి బోర్డు ఊరికే బిగించి వచ్చాను. 'కొత్త ఆట' మీట ముందుగా చిరుత చేతే నొక్కించాను.

"సున్నాలే వచ్చినాయప్పా. ఇంగ నువ్వు నోరు మూసుకుంటే సాలు" అన్నాడు నవ్వుతూ.

మూసుకున్నాను. కాలరు సర్దుకునే ఆ కుర్రవాడు గుర్తొస్తే ఇప్పుడు నాకూ నవ్వే వస్తుంది.