సింహాచలం కొండ దిగడానికి కొత్త బ్రేకులు

"ముందు బ్రేకులు మార్పిస్తాను బావా, తరవాతే ఇంజను ముడతాను" అని పదేళ్ల కిందట మా బావమరిది అప్పలరాజు మాటిచ్చాడు. నా పాత స్పోర్ట్స్ కారు ఇంజను బలం పెంచాడు, బ్రేకులు మాత్రం పాతవే ఉంచేశాడు. నాకు చెప్పనైనా లేదు. బండికి కొత్త సామాను వేస్తే ముందుగా సింహాచలం కొండకు తీసుకెళ్లడం మా వైపు ఆనవాయితీ. ఆ రోజే వాళ్ల అక్కను, అంటే నా భార్య పైడితల్లిని, పక్కన కూర్చోబెట్టుకుని వెళ్లాడు. దిగేటప్పుడు బ్రేకులు వేడెక్కి పట్టు వదిలాయి. కారు కొండరాయిని గుద్దింది. ఆమె ఎడమ చెయ్యి ఇప్పటికీ పూర్తిగా చాచలేకపోతోంది. మళ్లీ ఆ కారెక్కలేదు. నేను చదివిన చరిత్రల్లో మాట తప్పిన రాజులకు ఏదో ఒక కారణం ఉంది. మావాడికి అదీ లేదు.

ఈమధ్య మోకాళ్ల నొప్పితో పైడితల్లి బస్సు మెట్లెక్కలేక కొండకు వెళ్లడమే మానేసింది. అందుకే కారుకు బ్రేకులు మార్పిద్దామని మొన్న ఉదయం ఆరింటికి మల్కాపురంలో బయలుదేరి, గోపాలపట్నం మీదుగా ఏడుంపావుకు పెందుర్తి చేరాను. మెకానిక్ నూకరాజు చక్రం విప్పి నవ్వాడు.

"ఏటి మాస్టారూ, ఏనుక్కి మేకపిల్ల తాడు కట్టీసినారు?"

"కట్టింది మా బావమరిది."

"బావమరుదులంతా అంతేనండి. నాను కూడా ఒకడికి బావమరిదినే."

పెద్ద డిస్కులు, వాటిని బిగించి పట్టే కొత్త కాలిపర్లు, ప్యాడ్లు, గొట్టాలు, ఆయిలు అన్నీ కలిపి అరవై వేలు దాటాయి. పోర్టులో ముప్పై ఏళ్లు క్రేను నడిపినవాణ్ని. బరువు ఎత్తడం కన్నా ఆపడమే కష్టమని నాకు తెలుసు. బేరమాడలేదు. రెండింటికి పని అయింది.

"తిన్నగా కొండకెళ్లిపోకండి. సబ్బవరం రోడ్డులో ప్యాడ్లు కుదురుకోవాల" అన్నాడు. అరవై వేగం నుంచి పదికి, పూర్తిగా ఆపకుండా, పదిసార్లు తగ్గించాను. తరవాత బ్రేకు పెద్దగా తొక్కకుండా చల్లారేదాకా నడిపాను.

నాలుగింటికి కొండ కింద పైడితల్లి ఆటో దిగి నిలబడి ఉంది. "ముందు ఆపి సూపించు. అప్పుడెక్కుతాను" అంది. ఆమె ముందే రెండుసార్లు ఆపి చూపించాను. ఎక్కింది.

దర్శనమయ్యాక రెండో గేరులో దిగాం. ఆ రాయి ఉన్న మలుపు ముందు, వెనక ఎవరూ లేరని చూసుకుని బ్రేకు తొక్కాను. కారు తిన్నగా ఆగింది. ఆమె కళ్లు తెరిచి రాయి వైపు కాసేపు చూసింది.

"ఆగింది కదా. మా తమ్ముడినింక ఒగ్గీ."

వదిలెయ్యమన్నదానికి బదులు గేరు వేసి కారు ముందుకు పోనిచ్చాను.

పాత కారుతో ఘాట్ రోడ్డెక్కాలనుకునేవాళ్లకు ఒక్కటే మాట: కొత్త ప్యాడ్లు ఖాళీగా ఉన్న చదును రోడ్డులో కుదురుకున్నాకే కొండెక్కండి. దేవుడు ఒక పూట ఆగుతాడు. ఇంటిదాకా పైడితల్లి బయటికి చూస్తూ ఏవేవో కబుర్లు చెప్పింది, ఆ చెయ్యి మాత్రం ఒళ్లో సగం మడిచే ఉంది. ఆమె ఎప్పుడో క్షమించింది. నేను అప్పలరాజును క్షమించలేదు.