వడ్డీ లేని వంటగది

రూతు మోకాళ్లు బేతంచెర్ల బండల మీదే అరిగిపోయాయి. ఇరవై రెండేళ్లుగా ఆళ్లగడ్డలోని ఆ ఇంట్లో కింద కూర్చునే వండింది, కింద కూర్చునే అంట్లు తోమింది. వానొస్తే కప్పు కారి పొయ్యి చుట్టూ గిన్నెలు పెట్టుకునేది. మొగుడు సుందరరాజు రుద్రవరం హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఊరి పిల్లలందరికీ చక్రవడ్డీ నేర్పిన మనిషి, ఇంట్లో ఒక వంటగట్టు కట్టించలేకపోయాడు.

బ్యాంకు వాళ్లు ఆయనకెప్పుడో ఇచ్చిన క్రెడిట్ కార్డు బీరువాలో చీరల కింద పడి ఉంది. దాని మీద సామాను తీసుకుంటే మూడు వాయిదాల్లో వడ్డీ లేకుండా కట్టుకోవచ్చని, గడువు మాత్రం తప్పకూడదని రూతుతో పాటు బడిలో పనిచేసే వాసవి చెప్పింది. సుందరరాజు ససేమిరా అన్నాడు. నెల రోజులు సతాయిస్తే ఒక షరతు మీద దిగొచ్చాడు.

"వడ్డీ ఒక్క రూపాయి పడినా కార్డు కత్తిరించేస్తా. మళ్లా అడగొద్దు."

"సరేప్పా" అంది రూతు. ముందు గట్టు, నేల. ఆ మూడు వాయిదాలు సక్రమంగా తీరితే, వానల్లోపు అదే కార్డు మీద కప్పు బాగుచేయించాలి. అదీ ఆమె ఆశ.

నంద్యాలలో టైల్స్ కొట్టు ఉమామహేశ్వరరావు, "కార్డు గీకితే వందకు రెండు రూపాయలు ఎక్కువైతాదమ్మా" అన్నాడు. "అట్లయితే పక్క కొట్లో గీకుతా" అని రూతు మెట్లు దిగింది. రెండో మెట్టు మీద ఉండగానే వెనక్కి పిలిచాడు. ఇరవై ఏడు వేలకు సింకుతో సహా అన్నీ వచ్చాయి.

ఇక్కడ సుందరరాజు సంగతి చెప్పాలి. జీతం ఒకటో తేదీన పడుతుంది. అందులో దేవుని పదో భాగం మొదటి ఆదివారం కానుకల సంచిలో పడేదాకా ఒక్క రూపాయి కదలనివ్వడు. పాలవాడైనా ఆగాల్సిందే. వాయిదా గడువేమో రెండో తేదీ. ఫిబ్రవరిలో, మార్చిలో ఆదివారం సరిగ్గా రెండునే వచ్చింది కాబట్టి చర్చి నుంచి రాగానే కట్టేశాడు. క్యాలెండర్లో ఏప్రిల్ రెండు చుట్టూ రూతు ఎర్ర పెన్నుతో సున్నా చుట్టింది. ఒకటిన చెప్పింది, రెండున పొద్దున్నే మళ్లీ చెప్పింది. రెండుసార్లూ "ఊ" అన్నాడు. కట్టాడనే అనుకుంది.

ఆరో తేదీ ఆదివారం చర్చిలో సుందరరాజు దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెప్పడానికి లేచాడు. "వడ్డీ లేకుండా దేవుడు మాకు వంటగది కట్టించినాడు" అన్నాడు. అందరూ స్తోత్రం అన్నారు. సరిగ్గా అప్పుడే రూతు సంచిలో ఉన్న ఆయన ఫోన్ గుర్రుమంది. బ్యాంకు మెసేజీ. గడువు దాటిందట. జరిమానా, వడ్డీ, వాటి మీద పన్ను, మొత్తం తొమ్మిది వందల నలభై నాలుగు. రూతుకు ఒళ్లు మండిపోయింది.

గేటు బయటికి రాగానే పట్టుకుంది. "కట్టలేదా?"

"ఆదివారం రాలేదు గదా. దేవుని భాగం ఇయ్యకుండా ఎట్ల కడతా?"

"మరి ఊ అంటివే!"

"చెప్పింది వింటినని ఊ అంటి."

ఏం చెప్పాలి ఇలాంటి మనిషికి! ఇంటికొచ్చాక ఇంకా గొప్ప పని చేశాడు. అన్న మాట మీద నిలబడే మనిషి కదా, కుట్టుమిషన్ సొరుగులోంచి కత్తెర తీసి కార్డు కోసం బీరువా తెరిచాడు.

"కత్తెర ఆడ పెట్టు!" రూతు అరిచింది. "దేవునికి పదో భాగం ఇచ్చినావు, బ్యాంకుకు పదకొండోది ఇచ్చినావు. తప్పు నువ్వు చేస్తే కారే కప్పు కింద నేను వండాల్నా?"

రూతు ఒక కానుక కవరు తెచ్చి, దాని మీద 'మే' అని రాసి, ఆయన బైబిల్లో పెట్టింది.

"ఈ నెల వాయిదా ఇప్పుడే కట్టు. వచ్చే నెల నుంచి ఒకటో తేదీనే దేవుని భాగం తీసి ఇందులో పెట్టు. ఆదివారం దాకా ఆయనది యాడికీ పోదు. తర్వాత నా ముందరే కార్డుకు కప్పు వాయిదా కట్టు."

సుందరరాజు బైబిల్లోంచి కవరు తీసి చూశాడు. "అట్ల చేయొచ్చునో లేదో పాస్టర్‌ను అడగాల."

"అడుగు. అడిగేటప్పుడు, పొద్దున చెప్పిన సాక్ష్యం కూడా దిద్దుకో."

సుందరరాజు కత్తెర సొరుగులో పెట్టేశాడు.