రోజుకో రూపాయి పెరిగిన షేరు

నవ్వబోమంటేనే చెప్తా. మొన్న పొద్దున జుట్టు కూడా ముడేసుకోకుండా స్టేషన్ రోడ్డు మీద పరిగెత్తిన ఆడమనిషి ఎవరా అని మీరంతా చెప్పుకుంటున్నారంట గదా. నేనే!

మావారూ నేనూ కలిసి ఒక సిమెంటు కంపెనీ షేర్లు కొన్నాం. మేడ మీద గది వేసుకోవాలని ఆశ. రోజూ పేపర్లో ధర చూడటం, సాయంత్రానికి మర్చిపోవడం. పక్కింటి మస్తాన్ బాబాయికి టీవీల రిపేరు షాపుంది గదా, ఆయన ఒక చిన్న కంప్యూటర్ తెచ్చి మా బ్లాక్ అండ్ వైట్ టీవీకి తగిలించాడు. "ధరలు దీంట్లో కొట్టుకోమ్మాయ్, కొన్నాళ్లు వాడి చూడు" అన్నాడు. ప్రోగ్రాములేమో టేప్‌రికార్డర్ క్యాసెట్లలో ఉంటాయి. మూడు తెచ్చాడు.

మొదటిది వేస్తే ఉత్త అంకెలు. "ఇది మంచిది. ధర ఎంత, తారీఖు ఎంత అని మాటల్లో అడుగుద్ది" అన్నాడు బాబాయి. రెండోది లాభం, నష్టం, శాతం అన్నీ లెక్కగడుతుందంట. అది క్యాసెట్లోంచి కంప్యూటర్లోకి ఎక్కేలోపు నా పప్పు ఉడికిపోయింది! ఇక మూడోది... ఏం చెప్పను! నల్లటి తెర మీద తెల్లటి చుక్క పుట్టి, మెల్లగా గీతై, కొండెక్కుతున్నట్టు పైకి పాకింది.

"ఇదే కావాలి బాబాయ్!"

"దీనికి నోరు లేదమ్మాయ్. ప్రశ్న గుర్తు చూపించి ఊరుకుంటది. ముందు ధర కొట్టాల, తర్వాత తారీఖు."

"ఊ" అన్నా. ఎక్కడ విన్నా? కళ్ళు ఆ గీత మీదే ఉంటే!

మర్నాటి నుంచి పొద్దున్నే మావారు పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని చదవడం, నేను కొట్టడం. గీత చివర అంకె వెలిగేది. ఇరవై రెండు. మర్నాడు ఇరవై మూడు. ఆ మర్నాడు ఇరవై నాలుగు! మేం కొన్నదేమో ఇరవైకి. రోజుకో రూపాయి! పాలిచ్చే గేదె కూడా ఇంత క్రమంగా ఇవ్వదు గదా.

ఇక నా కాలు నేల మీద నిలవలా. కూర కలుపుతూ కలుపుతూ గది కట్టేశా. తూర్పున కిటికీ పెట్టించా. దాంట్లోంచి దూరంగా కొండవీడు కొండలు నీలంగా, మంచులో తేలుతున్నట్టు. పల్చటి పరదా గాలికి లేచి నా బుగ్గ తాకిపోతా ఉంది. ఉయ్యాల బల్ల దానంతటదే ఊగుతా ఉంది...

"ఏమే, ఏందా మాడు వాసన!"

మావారు అరిస్తే గాని మేడ దిగలా. ఆయనకేం చెప్పలా. గీత ఇంకాస్త ఎక్కాక ఒకేసారి చెప్పి అదరగొడదామని.

మొన్న ఒకటో తారీఖు. ఆయన గబగబా చదివేసి వినుకొండ బస్సుకి పోయాడు. నేను కొట్టా. అంతే! ముప్పై ఒకటి దగ్గరున్న గీత గభాల్న కిందికి పడి, తెర అడుగున చతికిలబడింది. పక్కన అంకె... ఒకటి!

పరదా, ఉయ్యాల, కొండవీడు, అన్నీ ఒక్కసారే కూలినయ్. చెప్పులు కూడా మర్చిపోయి షేర్ల బ్రోకరు ఆఫీసుకి పరుగో పరుగు.

"అన్నయ్యగారూ, మా సిమెంటు షేర్లు అమ్మేయండి! ఎంతొస్తే అంత!"

ఆయన కంగారుపడి లేచాడు. "ఏం కష్టమొచ్చిందమ్మా?"

"రూపాయికి పడిపోయె గదండీ!"

"ఎవరు చెప్పారు? ఇరవై దగ్గరే ఉంది. పది రోజుల్నుంచీ కదల్లేదు."

"కదలకపోవడమేంది! మొన్న ముప్పై, నిన్న ముప్పై ఒకటి, ఇవాళ ఒకటి! కంప్యూటర్లో కళ్ళారా చూశా!"

ఆయన గోడ మీద క్యాలెండరు కేసి చూశాడు, నాకేసి చూశాడు.

"అమ్మా... అవి తారీఖులమ్మా."

మావారు చదివేది ముందు తారీఖు, తర్వాత ధర. నేను అదే వరసన కొట్టుకుంటూ పోయా, కంప్యూటరేమో మొదట కొట్టిందే ధర అనుకుంది!

షేర్లు భద్రంగానే ఉన్నయ్ లెండి. సాయంత్రం సంగతి విని మావారు పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఆ కంప్యూటర్నేం అనబాకవే పాపం. ఒక్కరోజన్నా తారీఖు తప్పు చెప్పిందా?"

ఊళ్ళో ఉద్యోగస్తులంతా ఒకటో తారీఖున జీతం జేబులో పెట్టుకుని ఇంటికి పోతుంటే, దివాలా తీసి పోయింది నేనొక్కదాన్నే!