పక్కగదిలో మోకరించినవాడు

దయ్యాలన్నా దర్శనాలన్నా నాకు ఏనాడూ నమ్మకం లేదు. చర్చిలో ఎవరైనా కలలో వెలుగు కనిపించిందని సాక్ష్యం చెబితే, రాత్రి ఎక్కువ తిని పడుకున్నాడేమో అనుకునేవాణ్ణి. సంఘ పెద్దనై ఉండి అలా అనుకోకూడదు. కానీ నా తీరే అంత.

ఎనభైల మొదట్లో రేణిగుంటలో రైల్వే గుమాస్తాగా ఉండేవాణ్ణి. చర్చి ప్రార్థన కూటాల్లో నలుగురి ముందు నేను చేసే ప్రార్థనకు మంచి పేరు. మాటలు వాటంతటవే దొర్లుకుంటూ వచ్చేవి. ఇంట్లో ఒక్కణ్ణే మోకరిస్తే మాత్రం కాసేపటికే ఆవులింతలు. వినేవాళ్ళు లేకపోతే నాకు ప్రార్థన రాదని అర్థమై, మెల్లగా మానేశాను. చర్చి పక్కగది తాళంచెవి నా దగ్గరే ఉండేది. రోజూ తెల్లవారుజామున అక్కడ ఏకాంత ప్రార్థన చేస్తానని అందరూ అనుకునేవాళ్ళు. నేను కాదనలేదు.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక రూతమ్మ నా దగ్గరికి వచ్చింది. సంఘంలో కొత్తగా చేరిన మనిషి. భర్త చర్చికి రాడు. లారీ మీంచి పడి, తిరుపతి ఆస్పత్రిలో స్పృహ లేకుండా ఉన్నాడట. డాక్టర్లు ఏ మాటా చెప్పడం లేదంది.

“కూటంలో చెప్పద్దన్నా. తాగి పడినాడని ఊరంతా తెలిసిపోతాది. మీరు ఒంటిగా దేవునితో చెప్పండి, చాలు.”

తప్పకుండా అన్నాను. మరునాడే నన్ను పాకాల స్టేషన్‌కు డ్యూటీ మీద పంపారు. పక్కగదికి ఉన్న ఒక్క తాళంచెవీ నాతో తీసుకెళ్ళిన పెట్టెలోనే ఉంది. అక్కడున్న వారంలో ఆమె మాట నాకు ఒక్కసారి కూడా గుర్తు రాలేదు.

తిరిగి వచ్చిన ఆదివారం రూతమ్మ సాక్ష్యానికి లేచింది. భర్త కళ్ళు తెరిచాడట, గంజి తాగుతున్నాడట. రోజూ మొదటి బస్సుకు పోతూ పక్కగది కిటికీలోంచి నన్ను చూసేదట. గోడవైపు తిరిగి మోకాళ్ళ మీద ఉండేవాణ్ణట. అది చూశాకే ధైర్యంగా బస్సు ఎక్కేదట. భర్త తాగి పడిన సంగతి కూడా దాచకుండా తానే చెప్పేసింది. జనమంతా నావైపు తిరిగారు. నేను తల దించుకుంటే దాన్ని వినయం అనుకున్నారు. సిగ్గుతో చచ్చిపోయాను.

బయట ఆమెను ఆపి, అది నేను కాదనీ, ఆ వారమంతా పాకాలలో ఉన్నాననీ చెప్పాను. నమ్మలేదు. ఒంటిగా ప్రార్థన చేసేవాళ్ళు దాన్ని బయటికి చెప్పుకోరులే అని నవ్వింది.

“మీ గొంతు నాకు తెలీదా అన్నా? మా ఆయన్ని పేరు పెట్టి పిలుస్తా ఏడస్తా ఉండారు. ఆ పేరు నేను యాడా పలకను. మీకెట్లా తెలిసిందో ఏమో.”

నిజమే. మొగుడి పేరు పలికే అలవాటు మా వైపు ఆడవాళ్ళకు లేదు. నా దగ్గర కూడా మా ఆయన అనే అంది. నేనూ అడగలేదు.

అందరూ వెళ్ళాక పక్కగది తెరిచాను. చుట్టిపెట్టిన చాపలు చుట్టినట్టే ఉన్నాయి. నేలమీద దుమ్ము చెదరలేదు. నా గొంతుతో అక్కడ ఏడ్చింది ఎవరో ఇన్నేళ్ళయినా నాకు అంతుపట్టలేదు. రూతమ్మ పొరబడిందని సరిపెట్టుకుందామంటే, ఆ పేరు సంగతి అడ్డం వస్తుంది.

ఆరోజు తలుపు వేసుకుని మోకరించాను. ఇప్పుడైనా ఆమె భర్త కోసం ఒంటరిగా ప్రార్థిద్దామనుకున్నాను. ప్రభువా అన్నాను. ఆ తర్వాత చెప్పడానికి, నాకు అతని పేరు తెలియదు.