వెంకట్రావు చూసిన సముద్రం

2003లో గుడివాడ బస్టాండు వెనక సందులో నాకు రిపేరు షాపు ఉండేది. టీవీలు, రేడియోలు, స్టెబిలైజర్లు, అప్పుడప్పుడే చేతికొస్తున్న వీడియో గేమ్‌లు చూసేవాణ్ని. పాలిటెక్నిక్‌కి వెళ్లినవాణ్ని కాను. పాత పుస్తకాలు ముందు పెట్టుకుని, మీటరు చేతిలో పట్టుకుని నేర్చుకున్నాను. ఏ వస్తువు వచ్చినా ముందు దాని అంకెలేమిటో రాసుకుని, ఆ తర్వాతే స్క్రూ డ్రైవర్ తీయడం నా పద్ధతి.

ఆ ఏడు మొదట్లో సింగపూరు నుంచి వచ్చిన ఒకాయన, పెన్సిల్ సెల్స్‌తో నడిచే, చేతిలో ఇమిడే గేమ్ సెట్టు ఒకటి, దాంతోపాటు ఒక క్యాసెట్ నాకు అమ్మి వెళ్లాడు. క్యాసెట్ అంటే టేపు కాదు. అగ్గిపెట్టెంత ప్లాస్టిక్ డబ్బా, లోపల రెండు చిప్పులు, ఒక బొత్తాం సెల్. అందులో ఉన్నది రోల్ ప్లేయింగ్ గేమ్. మామూలు ఆటలు పది నిమిషాల్లో గెలుపో ఓటమో తేల్చేస్తాయి. ఇది అలా కాదు. ఒక కుర్ర వీరుణ్ని మన చేతికిస్తుంది. వాణ్ని ఊరూరా తిప్పాలి, కనబడ్డవాళ్లతో మాట్లాడించాలి, చిన్న రాక్షసులతో కొట్లాడించి బలం పెంచాలి. ఆ బలానికి లెవెల్ అని ఒక అంకె ఉంటుంది. ఆట పూర్తి కావాలంటే నెలలు పడుతుంది కాబట్టి ఆపిన చోటు దాచుకోవాలి. దాన్నే సేవ్ అంటారు. ఈ క్యాసెట్‌లో సేవ్‌కి ఒకటే గది. రాతంతా జపాను భాష. మనకు తెలిసేవి అంకెలు మాత్రమే. ఆ మాట ముందే చెప్పి అమ్మాను.

కొన్నది ముదినేపల్లి దగ్గర చేపల చెరువు చేసే రాంబాబు. అతనూ, అతని అక్క మొగుడు వెంకట్రావూ కలిసి ఆ చెరువు లీజుకి తీసుకున్నారు. వెంకట్రావుది నాగాయలంక అవతల, సముద్రం దగ్గరి ఊరు. ఉన్న కొద్ది పొలమూ ఉప్పు తేలి పంటకు పనికిరాకపోతే, భార్య నాగమణితో అత్తవారి ఊరు వచ్చేశాడు. చెరువు తప్ప అతనికి వేరే ఆధారం లేదు. రాత్రి కాపలా ఇద్దరికీ రోజు మార్చి రోజు. గట్టు మీద షెడ్డులో బల్బు కింద కూర్చుని నిద్ర ఆపుకోవడానికే ఆ గేమ్ కొన్నారు. సెట్టు ఎప్పుడూ షెడ్డులోనే ఉంటుంది. ఒకరు ఆపిన చోటు నుంచి రెండోవాళ్లు ఆడతారు. మనిషి ఒకడే, ఆడించేవాళ్లు ఇద్దరు.

వర్షాలు మొదలయ్యే రోజుల్లో ఒక ఉదయం ఇద్దరూ షాపుకొచ్చారు. వెంకట్రావు సెట్టును తువ్వాలు విప్పి బల్ల మీద పెట్టాడు.

"బాబాయ్ గారూ, ఇందులో నేను దాచింది నిలబడట్లేదండి. తెల్లార్లూ ఆడి, దాచి, కట్టేసి వెళ్తన్నాను. మర్నాడు మా రాంబాబు తీస్తే తను ఆపిన చోటే ఉంటంది."

"నాది నిలబడుద్దండి," అన్నాడు రాంబాబు గుమ్మంలోనే నిలబడి. "ఒక్కసారి కూడా పోలేదు."

"అదే నాకూ అర్థం కాట్లేదు."

"నాకర్థమైంది బావా. ఆడితే కదా నిలబడటానికి."

అసలు సంగతి అప్పుడు బయటికొచ్చింది. కిందటిసారి చెరువు పట్టినప్పుడు బొచ్చె చేపలు, శీలావతులు రెండూ అనుకున్నదానికన్నా బాగా తగ్గాయి. రాత్రిపూట ఎవరో వల వేస్తున్నారని రాంబాబు అనుమానం. తన వంతు రాత్రి లెవెల్ పెరుగుతోంది, బావ వంతు రాత్రి పెరగడం లేదు. అంటే బావ పడుకుంటున్నాడు. అతని లెక్క అది. లీజు తిరగరాసుకునే గడువు దగ్గర పడింది. ఈసారి వేరే భాగస్థుణ్ని చూసుకుంటానని ఇంట్లో అనేశాడు. ఇద్దరి మధ్యా నలుగుతున్నది నాగమణి.

"ఒకసారి నా ఎదురుగా దాచి చూపించవయ్యా అన్నానండి," అన్నాడు రాంబాబు. "చూపించాడు. శుభ్రంగా నిలబడింది. నేను చూస్తే నిలబడేది, చూడకపోతే ఎందుకు పోవాలి?"

వెంకట్రావు తల వంచుకుని తువ్వాలు మడత పెట్టుకున్నాడు.

నేను క్యాసెట్ విప్పాను. బొత్తాం సెల్ మీటరు మీద నిండుగా మూడు వోల్టులు చూపించింది. అతుకులు గట్టిగా ఉన్నాయి, తుప్పు లేదు. సేవ్ చేశాను, ఆపాను, మళ్లీ పెట్టాను. నిలిచింది. సెట్టు కదిపి చూశాను, వేడి చేసి చూశాను. ప్రతిసారీ నిలిచింది.

"నా బల్ల మీద నిలుస్తోంది. ప్రస్తుతానికి ఇంతే చెప్పగలను," అన్నాను.

"విన్నావా బావా?"

"నేను చెప్పింది క్యాసెట్ గురించి రాంబాబూ. మీ బావ గురించి కాదు."

గేమ్‌లు తెచ్చినవాళ్లని ఆట ఎలా ఉందని అడగడం నాకలవాటు. ఎవరికి ఏది నచ్చుతుందో తెలిస్తే తర్వాత సరుకు తెప్పించుకోవడానికి పనికొస్తుంది. ఆ వేడి కాస్త తగ్గుతుందని అప్పుడూ అడిగాను.

"న్యాయమైన ఆటండి," అన్నాడు రాంబాబు. "ఎంత కొడితే అంత బలం ఇస్తది. చెరువు కన్నా నయం. కాకపోతే ఆ కోట దగ్గర రెండు తలల వాడు ఎంతకీ చావడు. ఆట అక్కడితో అయిపోతదనుకుంటా."

వెంకట్రావు నెమ్మదిగా తలెత్తాడు. "అయిపోదు. అసలు ఆట అక్కణ్ణుంచే ఉంది. కోట అవతల సముద్రం వచ్చుద్ది. ఈ ఊళ్లు తిరగడం, ముసలాళ్లతో కబుర్లు, ఇదంతా విసుగండి బాబాయ్ గారూ. సముద్రం మాత్రం ఎవడో తెలిసినవాడే గీశాడు. పోటు ఉన్నంతసేపూ దారి ఉండదు. ఆటు తీశాక ఇసక బయటపడుద్ది, దాని మీద నడిచి లంకలోకి వెళ్లాలి. తొందరపడి దిగితే ముంచేస్తది."

రాంబాబు నవ్వాడు. "సముద్రమంట. ఇన్నాళ్ల నుంచి ఆడతన్నాను, ఇందులో కాలవ కూడా లేదు. నాగాయలంక కలలోకొచ్చినట్టుంది బావా. నిద్రలో."

రెండు మూడు రోజులు సెట్టు నా దగ్గరే ఉంచమని చెప్పి ఇద్దర్నీ పంపేశాను.

వాళ్లు వెళ్లాక ఆలోచించాను. క్యాసెట్‌ని ఇంకెంత కొలిచినా కొత్త అంకె రాదు. కొలవాల్సింది ఇంకొకటి ఉంది, ఆ సముద్రం. అది ఆటలో లేకపోతే వెంకట్రావు కల్పించి చెప్పినట్టు. ఉంటే, సేవ్ ఏనాడూ చేరని చోటు అతని కళ్లు చూసినట్టు. ఆ క్యాసెట్ లాంటిది చుట్టుపక్కల ఇంకెవరి దగ్గరా నేను చూడలేదు. దాని గురించి అతనికి చెప్పేవాళ్లు లేరు.

చేతిలో పని లేనప్పుడల్లా రాంబాబు ఆపిన చోటు నుంచి ఆడటం మొదలుపెట్టాను. భాష రాకపోయినా ఫరవాలేదు. కొట్టినప్పుడల్లా తెర మీద ఒక అంకె పడుతుంది. మన బలం ఎంత ఉంటే దెబ్బ ఎంత పడుతోందో నాలుగు కొట్లాటలు రాసుకుంటే సూత్రం దొరికింది. రెండు తలల వాడికి ఎన్ని దెబ్బలు కావాలో, ఈలోగా వాడు మనకెంత నష్టం చేస్తాడో వేసి చూస్తే, ఉన్న లెవెల్‌తో గెలవడం కుదరదని తేలింది. ముందు ఇంకో నాలుగు లెవెళ్లు పెరగాలి. ఒక్కొక్కదానికి గంటకు పైగా పడుతుంది. అంటే దారి ముందే తెలిసినవాడికైనా అక్కణ్ణుంచి కోట దాటడానికి అయిదారు గంటలు తప్పవు. సేవ్ నిలవనివాడైతే ఆ గంటలన్నీ ఒక్క బిగిన కూర్చోవాలి.

మూడో రోజు మధ్యాహ్నం రెండు తలల వాడు పడిపోయాడు. కోట వెనక తలుపు తెరుచుకుంది. నా మనిషి నాలుగడుగులు వేశాడో లేదో తెరంతా నీళ్లు. తొందరపడి దిగాను. ముంచేసి ఒడ్డుకి విసిరింది. ఈసారి ఊరికే చూస్తూ కూర్చున్నాను. కాసేపటికి నీళ్లు వెనక్కి తగ్గి, సన్నగా ఇసక దారి బయటపడింది.

మర్నాడు ఇద్దరూ వచ్చారు. వెంట నాగమణి కూడా వచ్చింది. చల్లగా కూర్చునే మనిషిలా కనబడలేదు. స్టూలు చూపిస్తే కూర్చోకుండా తమ్ముడికీ మొగుడికీ మధ్య నిలబడింది.

నేను సెట్టు రాంబాబు చేతికిచ్చాను. "సముద్రం ఉంది. చూడు."

అతను చూశాడు. నీళ్లు తగ్గడమూ చూశాడు, మళ్లీ నిండడమూ చూశాడు. నేను గంటల లెక్క కాగితం మీద వేసి చూపించాను. "నువ్వు ఆపిన చోటు నుంచి ఇక్కడికి రావాలంటే కనీసం ఇంతసేపు కన్ను మూయకూడదు. నిద్రపోయినవాడికి ఇది కనబడదు."

"నేను చెప్తే వినడండి," అంది నాగమణి. "ఈయన నిద్రపోతే ఆ గురకకి చేపలు గట్టెక్కుతాయిరా అన్నాను. పడుకుంటే చెరువంతా తెలుస్తది, దాస్తే దాగే నిద్ర కాదు అది."

"అది సరే అక్కా," అన్నాడు రాంబాబు. గొంతు తగ్గింది కానీ పట్టు వదల్లేదు. "ఒక రాత్రి మేలుకున్నాడనే అనుకుందాం. మరి ఈయన దాచిందొక్కటే ఎందుకు పోతంది? అది తేలాలి కదా బాబాయ్ గారూ."

న్యాయమైన ప్రశ్న. దానికి నా దగ్గర ఇంకా జవాబు లేదు. లేదనే చెప్పాను. ఇద్దరూ షెడ్డులో ఎలా దాచుకుంటారో అలాగే దాచి చూపించమన్నాను. వెంకట్రావు సెట్టు తీసుకుని, అందరూ చూస్తుంటే నెమ్మదిగా, రెండు చేతులతో అపురూపంగా నొక్కాడు. నిలిచింది.

"చూశారా," అన్నాడు రాంబాబు.

నాగమణి మొగుడి వంక అదోలా చూసింది. "ఏంటా సుతారం? ఇంట్లో ఇలాగే చేస్తావా? అన్నం తింటా ఉంటే లైటు ఆర్పేస్తావు. నేను గదిలోంచి కాలు బయట పెట్టకముందే టక్కుమని స్విచ్చి. కరెంటు ఖర్చయిపోద్దని. అక్కడ పెన్సిల్ సెల్స్ దగ్గర మాత్రం జమీందారువా?"

ఆ మాటతో నాకు దారి కనబడింది.

"వెంకట్రావ్, మనిషిని లంకలోకి నడిపించు. ఇప్పుడు తెల్లారింది, రాంబాబు సైకిలు గట్టు మీద వినబడింది, సెల్స్ మిగల్చాలి. ఎలా కట్టేస్తావో అలా కట్టెయ్," అన్నాను.

అతను ఆటు తీసేదాకా ఆగి మనిషిని లంకలోకి నడిపించాడు. ఈసారి అతని కుడి బొటనవేలు సేవ్ మీద ఉండగానే ఎడమ వేలు పక్కనున్న స్విచ్చి మీదికి వెళ్లింది. బీప్ వినబడటం, తెర ఆరిపోవడం ఒక్కసారే జరిగాయి. మళ్లీ పెట్టి చూపించాను. లంక లేదు. మనిషి ఇవతలి ఒడ్డునే నిలబడి ఉన్నాడు, ఇందాక నిలిచిన సేవ్ దగ్గర.

బీప్ రావడం అంటే రాయడం మొదలైందని మాత్రమే. పూర్తి కావడానికి ఇంకొన్ని సెకన్లు పడుతుంది. ఆ కొద్దిసేపూ తెర కింద ఒక వాక్యం కనబడుతూ ఉంటుంది. కట్టేయవద్దని చెప్పడానికే అయి ఉండాలి, కానీ అది జపాను భాష. మధ్యలో కరెంటు తీసేస్తే కొత్త రాత సగంలో చెడిపోతుంది. అలాంటప్పుడు అంతా పోకుండా ఆట వెనకటి సేవ్ ఒకటి పక్కన ఉంచుకుంటుంది, చెడ్డదాన్ని వదిలేసి పాతదాన్ని తెరుస్తుంది. రాంబాబు సేవ్ నొక్కి, సెట్టు పక్కన పెట్టి, చద్దిగిన్నె సర్దుకుని, అప్పుడు వచ్చి ఆపుతాడు. అందుకే అతనిది ఎప్పుడూ నిలిచింది. ఇద్దరిలో పొదుపరి ఎవరో అతని కష్టమే పోయింది.

ఇదంతా చెప్పాను. రాంబాబు సెట్టు చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు. క్షమించమనడం ఆ మనిషికి రాదు. బావ కాపలాలో నిద్రపోతాడని అందరి ముందూ అన్న నోరు అంత తొందరగా తిరగదు.

"ఆ రెండు తలల వాడు నీకెలా చచ్చాడు బావా?" అన్నాడు చివరికి.

"ముందు ఎడం తల కొట్టాలి."

"సముద్రం దగ్గరో?"

"చెప్తే వచ్చేది కాదు. ఊరికే చూస్తా కూర్చోవాలి. నీకు కుదరదు."

"కుదరకపోతే నీ వంతు రోజు దాటించి పెట్టు. ఆ తర్వాత నేను చూసుకుంటా."

"ముందు లీజు కాగితం చూసుకోండి ఇద్దరూ," అంది నాగమణి. అప్పుడు కూర్చుంది స్టూలు మీద.

ఆ ఏడు లీజు ఇద్దరి పేర్ల మీదే రాసుకున్నారు. చేపలు ఎవరు పట్టుకుపోయారో నాకు తెలియదు. నీటి పిట్టలో, మనుషులో, మేత తక్కువయిందో, అది నా మీటరుకి అందే విషయం కాదు. ఒక్కటి మాత్రం తేల్చగలిగాను. ఆ గేమ్‌లో లెవెల్‌ని కాపలాకి సాక్షిగా పెట్టడం తప్పు. మేలుకున్నవాడు మేలుకున్నాడని అది చెప్పలేదు, పడుకున్నవాడు పడుకున్నాడనీ చెప్పలేదు. మనిషి స్విచ్చి ఎలా కట్టేస్తాడో అది మాత్రమే చెప్పింది. మనమే దానికి వేరే అర్థం పెట్టుకున్నాం.

ఈ కేసు తర్వాత నా పనిలో రెండు మార్పులు వచ్చాయి. వస్తువు నా బల్ల మీద బాగా పనిచేస్తే బాగున్నట్టు కాదు, నా చేతుల్లో బాగున్నట్టు. అందుకని తెచ్చినవాళ్ల చేతే, వాళ్లు ఇంట్లో వాడే తొందరతోనే వాడించి చూస్తాను. పక్కన ఇంటివాళ్లు ఉంటే మరీ మంచిది, అలవాట్లు వాళ్లకు తెలుస్తాయి. రెండోది, ఎవరైనా ఒక వస్తువు మీద అభిప్రాయం చెబితే, అది మెచ్చుకోలా తిట్టా అని చూడ్డం మానేశాను. అది ఒప్పో తప్పో తర్వాత. ముందుగా ఆ మాట అనడానికి ఆ మనిషి ఎంతసేపు, ఎక్కడిదాకా వెళ్లి ఉండాలో లెక్క వేస్తాను. ఊళ్లు తిరగడం విసుగు, సముద్రం బాగుంది అన్న మాటలో ఒక మనిషి తెల్లవార్లూ మేలుకున్న లెక్క ఉంది. వేసి చూడ్డానికి నాకు మూడు రోజులు పట్టింది, అంతే.